బొందు కింది తామర

అక్షరాలు నాకు అరవై ఒకటో ఏట వచ్చాయి. వత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ ఆగి ఆలోచించుకోవాలి. ఒక పేజీ నిండేసరికి నాలుగు రోజులు పడుతుంది. చదివేవాళ్ళు నా తప్పులనూ నా నిదానాన్నీ ఓర్చుకోవాలి. మా సావిత్రి టీచరు వత్తులు దిద్దింది కానీ సంగతి మీద చెయ్యి పెట్టలేదు. "అందరికి చెప్పినవే మళ్ళ రాసుడెందుకు గంగుబాయీ? నోట్లకెల్లి రానిది రాయి" అన్నది. అందుకే ముందటేటి ఎండాకాలం గురించి రాస్తున్నాను.

అప్పుడు సోలాపూర్‌లోని దాజీ పేట్‌లో ఉండేవాళ్ళం. ఒక గది, దాని వెనక వంటకు అరగది. గోడకవతల పవర్‌లూమ్ షెడ్డు. పొద్దున మగ్గాలు మొదలైతే మా గూట్లో స్టీలు గ్లాసులు సాయంత్రం దాకా వణికేవి. నా కొడుకు అంబాదాస్ ఆ షెడ్డులోనే టవళ్ళు నేసేవాడు. కోడలు శీతల్ భవాని పేట్ పిల్ల. మనవరాలు ఋతుజకు నాలుగేళ్ళు. మా ఆయన పెంటప్ప పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. నేనూ శీతలూ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టి రోజూ పొద్దున బీడీ కంపెనీ బ్రాంచిలో ఇచ్చి వచ్చేవాళ్ళం.

ఉగాది దాటాక శీతల్ పుట్టింట్లో పెళ్ళికని ఎనిమిది రోజులు పోయి వచ్చింది. వచ్చిన వారానికి, జొన్నరొట్టె కొడుతుంటే ఆమె మోచేతి మడతలో చూశాను. రూపాయి బిళ్ళంత మచ్చ. అంచు ఎర్రగా ఉబ్బి ఉంది, నడుమ పొట్టు లేచింది.

"ఏందే అది?"

"ఏమో అత్తా. ఉడుక్కు పొక్కింది కావచ్చు."

"ఉడుక్కు పొక్కింది గిట్ల గుండ్రంగ ఉంటదా? తామర అది. మీ అమ్మగారింటి కాడ అంటిచ్చుకొని వచ్చినవ్."

"మా ఇంట్ల ఎవ్వరికి లేదు."

"ఎవ్వరికి లేకుంటే నీకెట్లొచ్చె?"

ఆమె పిండి చేతుల్తో కొంగు మోచేతి మీదికి లాక్కుంది.

ఆ రోజునుంచి ఆమె కంచం వేరు చేశాను, చద్దరు వేరు చేశాను. బీడీ ఆకు ముట్టొద్దన్నాను. దానికి నాకొక కారణం ఉంది. బీడీ అంటే మనుషులు నోట్లో పెట్టుకునేది. ఫలానా ఇంట్లో చర్మం రోగం ఉందని బ్రాంచిలో బీడీలు చూసి తీసుకునే చెకర్‌కు తెలిస్తే ఆ ఇంటికి ఆకు ఆపేస్తాడు. ఇది అబద్ధం కాదు. కానీ నిజం మొత్తం ఇది కాదు.

నా నడుముకు అంతకు రెండేళ్ళ ముందే వచ్చింది. లంగా బొందు బిగించే చోట మొదలై చుట్టూ వడ్డాణంలా పాకింది. బీడీ ఆకును నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటాం. నేల మీద పెడితే ఆ ఎండకు ఎండి విరుగుతుంది. పొద్దునుంచి సాయంత్రం వరకు ఆ తడి నా పొట్టకూ నడుముకూ ఆనుకునే ఉండేది, దాని మీద చెమట. దురద మొదలయ్యాక మెడికల్ దుకాణంలో అడిగితే ఒక మలాము ఇచ్చాడు. రెండు రోజుల్లో చల్లబడింది. నెలకు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకొంచెం వెడల్పుగా. ఖాళీ ట్యూబు చూపిస్తే ఇంకోటి ఇచ్చేవాడు. అట్లా రెండేళ్ళు. ఆ ట్యూబు నా చిక్కంలో, అంటే వక్కల సంచిలో, అడుగున ఉండేది. నాది తామర అని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. నాది ఉడుకు. శీతల్‌ది రోగం. మనసు అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నాకప్పుడు తెలియదు.

ఇంకొకటి చెప్పాలి. మా వాడలో ఆడవాళ్ళ లంగాలు నలుగురికీ కనబడేలా ఆరెయ్యం. తీగ మీద లంగా వేసి పైన చీర కప్పుతాం. చీర ఆరుతుంది, కింద లంగా మెత్తమెత్తగానే ఉంటుంది, సాయంత్రం అదే తీసి కట్టుకుంటాం. నల్లా నాలుగు రోజులకోసారి వచ్చేది కాబట్టి విడిచిన బట్టలన్నీ అన్ని రోజులూ ఒకే మూటలో చెమట తడితో మగ్గేవి. నా లంగాలు, ఆమె లంగాలు, అంబాదాస్ బనియన్లు, పిల్ల గౌన్లు, అన్నీ. కంచం వేరు చేసినదాన్ని మూట వేరు చేయలేదు.

బ్రాంచి దగ్గర వరసలో మా పక్కింటి రాజమ్మ అడిగింది, "నీ కోడలు అగుపిస్తలేదేంది వదినా?" అని. నా బీడీల మీద ఎవరికీ అనుమానం రాకూడదని, "ఒంటి మీద తామర. అమ్మగారింటి కాడికెల్లి తెచ్చుకుంది. దాన్ని ఆకు ముట్టనిస్తలేను" అన్నాను. వరసలో పదిమంది విన్నారు. చెకర్ కూడా విన్నాడు. దాన్ని ముట్టనివ్వట్లేదన్నాను కాబట్టి నా గంప ఎప్పటిలాగే తీసుకున్నాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం శీతల్ ఫోను పెట్టేసి వచ్చి నా చాట ముందు నిలబడింది.

"అత్తా, బ్రాంచిల ఏం చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన."

"మా సోనాలిని చూసిపోయినోళ్ళు వద్దన్నరు. ఆ ఇంట్ల చర్మం రోగం ఉందట. అక్కకున్నది చెల్లెకు రాదా అన్నరట."

సోనాలి ఆమె చెల్లెలు. ఆ సంబంధం దాదాపు ఖాయమైందని మాకు తెలుసు.

"నేను సోనాలి పేరు తీసిన్నా?" అన్నాను, చేతిలో బీడీకి దారం కడుతూనే.

"తియ్యాల్నా?"

అంబాదాస్ భోజనానికి వచ్చి ఉన్నాడు. కంచంలో చెయ్యి అట్లాగే ఉంచి, "అవ్వా, ఇగ సాలు" అన్నాడు. ఎవరిని సాలన్నాడో వాడికే తెలియాలి. అప్పుడే పిల్ల చెంప గోక్కుంటూ వచ్చి తల్లి కాళ్ళకు చుట్టుకుంది. చెంప మీద కొత్తగా ఒక గుండ్రటి గీత. అది చూసి నేను ఆగలేకపోయాను.

"సూడు, పిల్లకు గూడ పూసినవ్."

శీతల్ పిల్ల బట్టలు సంచిలో వేసింది, ఆటో పిలిచింది. గడప దాటుతూ మాత్రం వెనక్కి చూసింది.

"నాకొచ్చింది నిజమే అత్తా. కాని నేను తేలేదు."

నేను ఆ రోజు అంతకుముందెన్నడూ చుట్టనన్ని బీడీలు చుట్టాను.

మూడు వారాలు ఇల్లు ఖాళీగా ఉంది. అంబాదాస్ షెడ్డు దగ్గరే ఏదో తిని వచ్చేవాడు. ఇంట్లో టీ మాత్రం తాగేవాడు. వాడు తొడలు గోక్కోవడం నేను చూశాను. చూసి మొహం తిప్పుకున్నాను. ఒకరోజు టీ తాగుతూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"శీతల్ దవాఖానకు పోయింది. చర్మం డాక్టరమ్మ ఇంట్ల అందరిని తీస్కరమ్మన్నదట."

"నాకేముందని నేను వచ్చుడు?"

"లేదని ఆమెనే చెప్పనీ."

వాడి గొంతులో కోపం లేదు. పోనని అనడానికి కోపమైనా ఉంటే బాగుండేది.

పెద్ద దవాఖానలో పేరు రాయించుకుని కూర్చునేసరికి పది దాటింది. శీతల్ పిల్లను ఒళ్ళో పెట్టుకుని బల్ల ఆ చివర కూర్చుంది. బల్ల ఈ చివర నేను. మధ్యలో అంబాదాస్. డాక్టరమ్మ చిన్న వయసుది, మరాఠీలోనే మాట్లాడింది. నాకు గుర్తున్నట్టు రాస్తున్నాను.

ఆమె శీతల్ మోచేతి మచ్చ అంచును బ్లేడుతో మెల్లగా గీకి, రాలిన పొట్టును గాజుబిళ్ళ మీద వేసింది. దాని మీద ఏదో మందు చుక్క వేసి కొంతసేపు పక్కన పెట్టింది. తర్వాత యంత్రంలో చూసి, శీతల్‌ను చూడమంది. శీతల్ చూసి లేచాక, "మావశీ, మీరూ రండి" అని, పిన్నీ అన్నట్టు, నన్నూ పిలిచింది. ఒక కన్ను మూసి చూశాను. సన్నని పోగులు, కొమ్మలు వేస్తూ, ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతూ. మగ్గం మీద తెగిన పోగులు చిక్కుపడితే అట్లాగే ఉంటాయి.

"ఇది బూజు మావశీ. రొట్టె మీద పెరిగినట్టే చర్మం మీద పెరుగుతుంది. తడి, వేడి ఉంటే చాలు దానికి. ఈ ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది?"

అంబాదాస్ నేల చూశాడు. శీతల్ కిటికీ వైపు చూసింది.

"మీకుందా మావశీ?"

"నాకేం లేదు."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూనే మాట్లాడింది. "లేకపోతే మంచిదే. కానీ ఒక్కరు దాచుకున్నా మిగతా ముగ్గురి మందు దండగ. మళ్ళీ అదే టవలు, అదే బట్టల మూట. నెల తిరిగేసరికి మళ్ళీ నా దగ్గరికే వస్తారు."

పిల్ల రెండు చేతులతో చెంప గోక్కుంటోంది. శీతల్ ఆ చేతులు పట్టుకుని, "గోకకు బిడ్డా, గోకకు, అయిపోయింది, ఇంటికి పోదాం" అంటోంది. చెంప మీద గోరు దిగిన చోట రక్తం చుక్క కనబడింది. బయట బంట్రోతు తర్వాతి నంబరు పిలిచాడు.

నేను లేచి పరదా వెనక్కి వెళ్ళాను. అక్కడ ఒక ఇనప మంచం ఉంది. బొందు ముడి చెమటకు బిగిసింది, విప్పడానికి కొంచెం సేపు పట్టింది.

"డాక్టరమ్మా, ఒకసారి ఇటు రా" అన్నాను.

ఆమె వచ్చి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. తామర నడుమంతా ఉంది. అది పాకిన చోటల్లా చర్మం పలచబడి, నిండు చూలాలి పొట్టలా చారలు పడి ఉంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేండ్లు."

పరదా అంటే గుడ్డే కదా. అవతల మాటలు ఆగిపోయాయి.

దీనికి ఏం పూస్తున్నారని అడిగితే చిక్కంలోంచి ట్యూబు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమె తిట్టలేదు. ఇలాంటివి రోజూ చూస్తానంది. ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉంది, అది దురదనూ ఎరుపునూ అణుస్తుంది, దాంతోపాటు బూజుతో ఒళ్ళు చేసే పోరాటాన్నీ అణుస్తుంది, అంటే కాపలావాణ్ణి నిద్రపుచ్చి దొంగను ఇంట్లో వదిలినట్టు అని చెప్పింది. ఇది మానెయ్యాలి. మానిన పది రోజులు దురద రెట్టింపు అవుతుంది, అప్పుడు మళ్ళీ దీని మొహం చూశారంటే మొదటికొస్తుంది అంది.

నాకు ఇట్రాకొనజోల్ అనే గోలీలు రాసింది. ముందు రక్తం పరీక్ష చేయించింది, గుండె జబ్బు ఉందా అని అడిగింది. అన్నం తిన్నాకే వేసుకోవాలి, గ్యాసు గోలీతో కలిపి వేసుకుంటే ఇది ఒంటికి పట్టదు అంది. గొట్టంలాంటి ఆ గోలీలో తోటకూర గింజల్లాంటివి ఉంటాయి. శీతల్‌కూ అంబాదాస్‌కూ కూడా గోలీలే, పిల్లకు పూతమందు ఒక్కటే. పూతమందు మచ్చ మీదే కాదు, దాని అంచు దాటి రెండు వేళ్ళ వెడల్పు రాయాలి, బూజు కనబడే చోటుకంటే ముందే నడుస్తుంది అంది.

"ఎన్ని దినాల్ల పోతది?" అన్నాను.

"మావశీ, ఈ మందు ఒక్క దెబ్బకు చంపేది కాదు. బూజు తన చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది, ఆ పొర కట్టుకోకుండా ఈ మందు ఆపుతుంది. అది నీరసిస్తుంది. కిందనుంచి కొత్త చర్మం వస్తూ పాతదాన్ని బయటకు తోస్తుంది. అందుకు టైము పడుతుంది. మీకు రెండు నెలలైనా కావాలి. దురద పోయింది కదా అని నడుమ ఆపొద్దు."

బయటకు వచ్చాక ఆటోల దగ్గర శీతల్ ఆగింది. మూడు వారాల తర్వాత నాతో మాట్లాడటం అదే.

"పరదా వెనకాల చెప్పినవ్ అత్తా. వాడకు పరదా వెనకది వినబడ్తదా?"

పిల్లను ఎత్తుకుని భవాని పేట్ ఆటో ఎక్కింది.

మర్నాడు పొద్దున బ్రాంచి వరసలో నా వంతు వచ్చాక గంప కింద పెట్టి చెప్పాను. కోడలికి తామర వచ్చింది నా నుంచే, నాకు రెండేళ్ళనుంచి ఉంది, నడుముకుంది, చేతులకు లేదు, గోలీలు వేసుకుంటున్నాను అని. గొంతు పెద్దగా రాలేదు. వెనకున్నవాళ్ళు ఏంది ఏంది అంటే మళ్ళీ చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పడమే కష్టమైంది.

రాజమ్మ నోరు తెరిచింది. "గిప్పుడు చెప్తున్నవా వదినా? రెండేండ్లు నీ పక్కన కూసొని, నీ వక్కలు తిన్నంక?"

ఒకరిద్దరు నవ్వారు. ఒకామె తన గంప కొంచెం జరుపుకుంది. చెకర్ నా బీడీలు చూడలేదు. "తగ్గిందని డాక్టరు చీటీ తీస్కొని రా బాయీ, అప్పుడు ఆకు ఇస్త" అన్నాడు. వాడు తప్పు చేశాడని నేను అనను. నిండు గంప నెత్తిన పెట్టుకుని అట్లాగే తిరిగొచ్చాను.

సోనాలిని చూసిపోయినవాళ్ళ ఇంటికి కూడా వెళ్ళాను. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. చెప్పిందంతా విన్నారు. పిల్లవాడికి వేరే చోట ఖాయమైందన్నారు. అంతే.

ఆ తర్వాతి పది రోజులు నేను ఎట్లా బతికానో చెప్పలేను. డాక్టరమ్మ చెప్పినట్టే దురద రెట్టింపైంది. ఒక్కచోట కూర్చోలేను, పడుకోలేను, బొందు కట్టుకోలేను. చెయ్యడానికి పని కూడా లేదు. ఎన్నోసార్లు చెప్పులేసుకుని మెడికల్ దుకాణం దాకా పోయి, ఎదురుగా నిలబడి తిరిగొచ్చాను. గోలీ మింగుతుంటే ఏమీ జరుగుతున్నట్టు ఉండేది కాదు. నల్లా వచ్చిన రోజు నీళ్ళు కాచి ఎవరి బట్టలు వాళ్ళవి వేరుగా ఉతికాను. లంగాలు వీధి తీగ మీద, పైన చీర కప్పకుండా ఎండలో వేశాను. రాజమ్మ తన గుమ్మంలోంచి చూసి, "ఇంక ఏం దాచుకుంటవులే వదినా, వెయ్యి" అంది. మర్నాడు ఆమె లంగాలూ అదే తీగ మీద కనబడ్డాయి.

కష్టమంతా వీపు కింది భాగంతో. అక్కడికి నా చెయ్యి అందదు. కొడుకును అడగలేను. చెక్క గరిటెకు గుడ్డ చుట్టి రాసుకునేదాన్ని, అందినంత అందేది. ఒక సాయంత్రం శీతల్ పిల్ల చెప్పుల కోసం వచ్చి, నేను గరిటెతో అవస్థపడటం చూసింది.

"ఇటు తిరుగు."

"వద్దే, నేను..."

"నీది పోకుంటే మా ముగ్గురిది దండగ. తిరుగు."

చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని రాసింది. అంచు దాటి రెండు వేళ్ళు. చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పులు తీసుకుని పోయింది. మర్నాడు అదే టైముకు వచ్చింది. ఆ తర్వాత రోజూ. భవాని పేట్ నుంచి నడిచి వచ్చేది, రాసేది, పోయేది. నీళ్ళు కూడా తాగేది కాదు. నేను మాట్లాడాలని చూస్తే, "కదలకు" అనేది. వానలు పడ్డా వచ్చింది. ఆమె మోచేయి తేటపడటం, పిల్ల చెంప తేటపడటం ఆమె మాటల్లోంచి కాదు, రోజూ చూసి తెలుసుకున్నాను. నా నడుము కూడా అంచులనుంచి చల్లారుతూ వచ్చింది. దురద ఆగిన రోజు గోలీలు ఇంకా సగం ఉన్నాయి. ఆపుదామనిపించింది. శీతల్ గోలీల పట్టీ తీసి లెక్కబెట్టి అక్కడే పెట్టింది. ఆపలేదు.

శ్రావణంలో వచ్చే నారళీ పున్నమికి వాడంతా దేవుడి రథం చూడటానికి పోయింది. ఆ వారంలోనే నా గోలీలు అయిపోయాయి. డాక్టరమ్మ చూసి, బూజు లేదు, నల్లమచ్చ పోవడానికి నెలలు పడుతుంది, చారలు మాత్రం ఉండిపోతాయి అంది. చీటీ రాసిచ్చింది. అయినా సాయంత్రం శీతల్ వచ్చింది. పూతమందు ఇంకో రెండు వారాలుందిగా. రాసి, చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగింది.

"అత్తా, మేము వేరే గది చూసుకున్నం. బీడీ కార్మికుల కాలనీల. పై అంతస్తు, పొద్దంత ఎండ వస్తది."

"మంచిది" అన్నాను. "పిల్లకు మంచిగుంటది."

"నీ సామాను ఎప్పుడు కడ్తవని అడుగుతున్నడు నీ కొడుకు."

"నువ్వేమంటవ్?"

ఆమె గుమ్మానికి ఆనుకుని గోడవతలి మగ్గాల చప్పుడు వింటున్నట్టు నిలబడింది.

"నాకు ఇంక కోపం పోలేదు అత్తా. సోనాలి మొకం చూసినప్పుడల్ల మళ్ళ వస్తది. అది పోయినంకనే నిన్ను పిలుద్దామంటే ఎన్నేండ్లయితదో. గందుకే ఇప్పుడే రా."

నేను లేచి గూట్లోంచి గ్లాసులు దించడం మొదలుపెట్టాను.

గంగుబాయి పెంటప్ప చిలివేరి. వయసు అరవై రెండు. ఉండేది సోలాపూర్‌లో, బీడీ కార్మికుల కాలనీలో, పై అంతస్తులో, కొడుకూ కోడలి దగ్గర.